రక్తంలో ఇన్‌ఫెక్షన్, రక్తంలో మందు లెవల్: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో ఐసీయూ బయట కూర్చునేవాళ్లలో చాలామంది ఆత్మకూరు, ఉదయగిరి, కందుకూరు, కనిగిరి వైపు నుంచి వచ్చినవాళ్లే. రౌండ్స్ అయ్యాక డాక్టరు నిలబడి చెప్పే నాలుగు మాటల్లో "బ్లడ్‌లో ఇన్‌ఫెక్షన్", "హయ్యర్ యాంటీబయాటిక్" తప్ప మిగతావి ఆ టెన్షన్‌లో గుర్తుండవు. ఐసీయూలో మందుల డోసులు చూసే ఫార్మసిస్టుని కాబట్టి ఆ తర్వాత వాళ్లు నన్ను పట్టుకుని అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఏ మందు, ఎంత అనేది మాత్రం మీ పేషెంట్‌ని చూస్తున్న డాక్టరే తేల్చాలి.

రక్తంలో ఇన్‌ఫెక్షన్ అంటే రక్తం చెడిపోయినట్టేనా? రక్తం మార్చాలా?

అక్కర్లేదు. బ్యాక్టీరియా ఒంట్లో ఎక్కడో ఒకచోట మొదలవుతుంది. మూత్రనాళం కావచ్చు, ఊపిరితిత్తులు, పిత్తాశయం, షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండు కావచ్చు. కొన్నిసార్లు ఆస్పత్రిలో పెట్టిన సెలైన్ గొట్టమే కారణం అవుతుంది. అక్కడి నుంచి రక్తంలోకి దిగుతుంది. రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించే పేర్లు ఈ.కోలై, క్లెబ్సియెల్లా, స్టెఫైలోకాకస్ ఆరియస్. దీన్ని ఎదుర్కొనే క్రమంలో ఒళ్లు అదుపు తప్పి, బీపీ పడిపోయి, మూత్రం తగ్గి, మనిషి మగతలోకి జారితే సెప్సిస్ అంటారు.

దీనికి వైద్యం సరైన యాంటీబయాటిక్, ఇన్‌ఫెక్షన్ పుట్టిన చోటును శుభ్రం చేయడం. రెండోదాన్ని ఇంటివాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. "ఆపరేషన్ వద్దు, మందులతోనే చూడండి సార్" అంటారు. చీముగడ్డను కోసి తీయకుండా, మూత్రనాళానికి అడ్డుపడిన రాయి సంగతి చూడకుండా, రక్తంలో మందు ఎంత ఉన్నా జ్వరం దిగడం కష్టం.

కల్చర్‌కు (రక్తంలో బ్యాక్టీరియా ఉంటే పెంచి చూసే పరీక్షకు) అంతంత రక్తం తీస్తున్నారు. అసలే నీరసంగా ఉన్న మనిషికి అది అవసరమా?

అవసరమే. పెద్దవాళ్లకు ఒక్కో సీసాకు 8 నుంచి 10 మి.లీ. చొప్పున, రెండు వేర్వేరు చోట్ల నుంచి తీయాలి. పెద్దవాళ్ల రక్తంలో ఒక మి.లీ.లో ఒక్క బ్యాక్టీరియా కూడా ఉండకపోవచ్చు. రెండు మి.లీ. తీసి సీసాలో వేస్తే దొరకకుండా పోతుంది. చర్మం మీద సూక్ష్మజీవి పొరపాటున సీసాలోకి చేరిందా, నిజంగా రక్తంలోనే ఉందా అన్నది కూడా రెండుచోట్ల తీస్తేనే తెలుస్తుంది. వేరే వ్యాధులకు తీసే రక్తంతో పోల్చి "ఇంతా!" అనిపిస్తుంది గానీ ఈ మాత్రం రక్తం పోయినందుకు పెద్దవాళ్లకు వచ్చే నష్టం లేదు.

యాంటీబయాటిక్ పడకముందే ఈ రక్తం తీయాలి. ఇక్కడే మన జిల్లాల్లో చిక్కు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు మూడు రోజులు సూదులు వేయించుకుని, తగ్గక, ఆఖరికి నెల్లూరో ఒంగోలో వస్తారు. అప్పటికి చాలాసార్లు కల్చర్‌లో ఏమీ పెరగదు, ఇన్‌ఫెక్షన్ మాత్రం పోయి ఉండదు. డాక్టరు చీకట్లో మందు ఎంచుకోవాల్సి వస్తుంది. అలా వేయించుకుని ఉంటే దాచొద్దు. ఏ మందు, ఎన్ని సూదులు, చివరిది ఎప్పుడు అన్నది చెప్పండి. ఖాళీ సీసా ఉంటే తెచ్చి చూపించండి, ఎవరూ కోప్పడరు.

ఆ ఊళ్లో వేసిన సూదులు పనిచెయ్యలేదంటారా?

చాలాసార్లు డోసే చాలదు. జెంటామైసిన్‌నే తీసుకోండి. ఊళ్లలో ఎక్కువగా పడేది 80 మిల్లీగ్రాముల ఆంప్యూల్ ఒకటి. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌కు కిలో బరువుకు 5 నుంచి 7 మిల్లీగ్రాములు లెక్క. అంటే 60 కిలోల మనిషికి 300 నుంచి 420. నాలుగో వంతు మందు పడిందన్నమాట. దాంతో బ్యాక్టీరియా చావదు, కల్చర్ మాత్రం పాడవుతుంది. కిడ్నీ మీద ఎంతో కొంత భారం కూడా పడుతుంది. సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెం లాంటివి 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రిజిస్టర్‌లో రాయాలి. ఆచరణలో ఎంత జరుగుతోందో మీకూ తెలుసు.

రక్తంలో మందు లెవల్ అంటే ఏంటి? గ్రాము ఇస్తే గ్రాము ఉండదా?

ఉండదు. మందు రక్తంలోకి పోగానే ఒళ్లంతా పరుచుకుంటుంది. కొంత ప్రోటీన్లకు అతుక్కుంటుంది. కొంతను కాలేయం విరిచేస్తుంది, కొంత మూత్రంలో పోతుంది. ఏ క్షణంలోనైనా రక్తంలో మిగిలి ఉన్న మందు ఎంతో కొలిస్తే అదే లెవల్. దాన్ని బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావలసిన కనీస గాఢతతో పోల్చి చూస్తారు. ఆ గాఢతను ల్యాబ్‌లో ఎంఐసీ అంటారు.

లెవల్ పడిపోతే ఏమవుతుందో పెన్సిలిన్ వాడిన తొలిరోజుల్లోనే తెలిసింది. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు ఇచ్చారు. ముఖమంతా చీము పట్టి చావుబతుకుల్లో ఉన్న మనిషి ఒక్కరోజులోనే తేరుకున్నాడు. మందు చాలినంత లేదు, కిడ్నీలు ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తున్నాయి. ఆయన మూత్రం పట్టి, అందులో నుంచి పెన్సిలిన్ తీసి మళ్లీ ఎక్కించారు. అయినా అయిదు రోజులకు నిండుకుంది. ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టి మార్చిలో చనిపోయాడు.

ఒకే మందు, ఒకే డోస్. పక్క బెడ్ ఆయనకు తగ్గింది, మా నాయనకు తగ్గలేదు. ఎందుకు?

బ్యాక్టీరియా వేరై ఉండొచ్చు. అది ఒకటే అయినా మనుషులు వేరు. సెప్సిస్‌లో రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోతుంది, లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కిస్తారు, ఒళ్లు ఉబ్బుతుంది. నీళ్లలో కరిగే మందు ఆ నీరంతా పంచుకుని పల్చబడుతుంది. అందుకే మొదటి డోస్ ఎక్కువే ఇవ్వాలి. కిడ్నీ దెబ్బతిన్నా మొదటి డోస్ తగ్గించకూడదు. తగ్గించాల్సి వస్తే ఆ తర్వాతి డోసులు.

ఇక కిడ్నీలు. ఇందులో రెండు కొసలూ మనకు కనిపిస్తాయి. కనిగిరి, మార్కాపురం వైపు ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లు, డయాలిసిస్ మీద ఉన్నవాళ్లు ఎక్కువగా వస్తుంటారు. వాళ్ల ఒంట్లో మందు పేరుకుపోతుంది. డయాలిసిస్ జరిగిన రోజున మళ్లీ కొంత కొట్టుకుపోతుంది. ఉదయం మందు ఇచ్చి పదింటికి డయాలిసిస్‌కు పంపితే, మందు మనిషికి ఎంత దక్కినట్టు? మీ పేషెంట్‌కు డయాలిసిస్ ఉంటే "సూది దానికి ముందా, తర్వాతా?" అని అడగడంలో తప్పు లేదు.

రెండో కొసను డాక్టర్లే కొన్నిసార్లు పట్టించుకోరు. హైవే మీద బైక్ యాక్సిడెంట్ అయి వచ్చిన పాతికేళ్ల కుర్రాడికి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 0.6 ఉంటుంది. రిపోర్టు బాగుందని అందరికీ సంతోషం. నిజానికి అతని కిడ్నీలు మామూలుకన్నా వేగంగా వడపోస్తుండొచ్చు. నిమిషానికి 130 మి.లీ. దాటితే పుస్తకంలో రాసిన డోస్ అతనికి చాలకపోవచ్చు. అటువంటి పేషెంట్ జ్వరం తగ్గకపోతే మందు మార్చే ముందు లెవల్ సంగతి ఆలోచించాలని నా అభిప్రాయం.

బరువు కూడా లెక్కలోకి వస్తుంది. పడుకోబెట్టిన మనిషిని తూచడం కుదరక "ఒక అరవై ఉంటాడు" అని రాసేస్తారు. ఇంట్లో ఈమధ్య చూసిన బరువు మీకు గుర్తుంటే చెప్పండి.

కొన్ని సూదులు రోజుకు ఒకటే, కొన్ని ఆరు గంటలకోసారి. మరచిపోయి ఇవ్వట్లేదా?

మరచిపోవడం కాదు, మందుల తీరు అలాంటిది. పెన్సిలిన్ కుటుంబం మందులకు, మెరోపెనెంకు, నారుమడిలో నీళ్లు నిలబెట్టినట్టు లెవల్‌ను ఎంఐసీకి పైన ఎక్కువ సేపు నిలబెట్టడం ముఖ్యం. ఒకేసారి ముంచెత్తి తర్వాత ఎండబెడితే లాభం లేదు. మెరోపెనెం మామూలు కిడ్నీ ఉన్న మనిషిలో గంటకు సగమైపోతుంది, అందుకే ఎనిమిది గంటలకోసారి. అదే కుటుంబంలోని సెఫ్ట్రియాక్సోన్‌కు సగం కావడానికి ఎనిమిది గంటలు పడుతుంది కాబట్టి రోజుకు ఒకటో రెండో చాలు.

అమికాసిన్, జెంటామైసిన్ దీనికి పూర్తిగా వేరు. ఒకేసారి ఎత్తుకు చేరాలి, ఎంఐసీకి ఎనిమిది పది రెట్లు. ఆ దెబ్బ తగిలాక లెవల్ పడిపోయినా కొంతసేపు బ్యాక్టీరియా కోలుకోదు. పడిపోవడమే మంచిది కూడా, కిడ్నీకి ఊపిరాడుతుంది.

పంపు పెట్టి గంటల తరబడి మెరోపెనెం ఎక్కిస్తున్నారు. ఇది కొత్త పద్ధతా?

మరీ కొత్తదేం కాదు. పై జవాబులో చెప్పిన కారణానికే: లెవల్ ఎక్కువసేపు నిలుస్తుంది. 2024లో వెలువడిన బ్లింగ్-3 అనే పెద్ద పరీక్షలో 7 దేశాల ఐసీయూల్లో 7,031 మందిని చూశారు. రోజంతా నిరంతరంగా ఎక్కించినవాళ్లలో 90 రోజుల్లో 24.9 శాతం, విడివిడి డోసులు ఇచ్చినవాళ్లలో 26.8 శాతం చనిపోయారు. ఆ ఒక్క పరీక్షలో తేడా కాకతాళీయం కావచ్చని గణాంకాలు అన్నాయి. ఇలాంటి 18 పరీక్షలను కలిపి చూసినప్పుడు మాత్రం నిరంతరంగా ఎక్కించడమే మేలని తేలింది.

మన ఎండలకు ఇందులో ఒక మెలిక ఉంది. కలిపిన మెరోపెనెం వేడికి కొన్ని గంటల్లోనే బలం కోల్పోతుంది. మే నెల నెల్లూరులో, ఏసీ సరిగా లేని వార్డులో, ఒకే సిరంజీని రోజంతా నడపడం కుదరదు. అందుకే చాలాచోట్ల ఒక్కో డోస్‌ను మూడు గంటల పాటు ఎక్కించే పద్ధతి పాటిస్తారు. నాకు అదే సబబుగా కనిపిస్తుంది.

సరే, లెవల్ తక్కువుంటే నిజంగా ప్రాణానికి తేడా వస్తుందా?

దీనికి సూటి జవాబు కావాలని అందరూ అడుగుతారు. ఉన్నది రెండు భాగాల జవాబు.

2014లో వచ్చిన డాలి అధ్యయనం 10 దేశాల్లో 68 ఐసీయూల్లో లెవల్స్ కొలిచింది. ఇన్‌ఫెక్షన్‌కు వైద్యం పొందుతున్న 248 మందిలో 16 శాతానికి, డోసుకూ డోసుకూ మధ్య సగం సేపు కూడా మందు చాలినంత లేదు. అలాంటివాళ్లు కోలుకునే అవకాశం దాదాపు మూడో వంతు తక్కువగా కనిపించింది. కాబట్టి తక్కువ లెవల్‌కు, చెడు ఫలితానికి సంబంధం ఉంది.

మరి రోజూ కొలిచి, డోస్ సరిచేస్తే బతికేవాళ్లు పెరిగారా? 2022లో రెండు పరీక్షలు దీన్నే చూశాయి. జర్మనీలో టార్గెట్ పరీక్ష 249 మంది మీద పైపెరాసిల్లిన్ అనే యాంటీబయాటిక్ లెవల్స్ చూస్తూ డోస్ మార్చింది. నెదర్లాండ్స్‌లో డాల్ఫిన్ పరీక్ష 388 మంది మీద కంప్యూటర్ లెక్కతో డోసులు సరిచేసింది. రెండిట్లోనూ పేషెంట్ల పరిస్థితిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. రిపోర్టు వచ్చి డోస్ మారేసరికి మొదటి కీలకమైన గంటలు దాటిపోవడం ఒక కారణం కావచ్చు. చాలామందికి మామూలు డోసే సరిపోతుండటం ఇంకొకటి.

ఇది చదివి లెవల్ దండగ అనుకోవద్దు. ముందు జరగాల్సినవి వేరే ఉన్నాయి. బీపీ పడిపోయిన సెప్సిస్ పేషెంట్లు 2,731 మంది రికార్డులు తిరగేసిన 2006 నాటి అధ్యయనంలో, మొదటి ఆరు గంటల్లో సరైన మందు ఆలస్యమైన ప్రతి గంటకు బతికే అవకాశం సగటున 7.6 శాతం తగ్గినట్టు కనిపించింది. ఉదయగిరి నుంచి రావడానికే రెండు గంటలు పోగొట్టుకున్న మనిషికి, అడ్మిషన్ కాగితాల దగ్గర ఇంకో గంట పోవడం నాకు లెవల్ రిపోర్టు కన్నా పెద్ద సమస్య.

అయితే లెవల్ టెస్టు ఎవరికి చేయించాలి? ఎక్కడ చేస్తారు?

వాంకోమైసిన్‌కు తప్పనిసరిగా, కొన్ని రోజులకు మించి వాడితే అమికాసిన్, జెంటామైసిన్‌లకు కూడా. వాంకోమైసిన్‌లో 2020 మార్గదర్శకాల తర్వాత తర్వాతి డోస్‌కు ముందు లెవల్ ఒక్కటే చూసి ఊరుకోవడం తగ్గింది. రోజు మొత్తంలో ఒంటికి తగిలిన మందు లెక్క కట్టి, ఆ అంకె 400 నుంచి 600 మధ్య ఉండేలా చూస్తున్నారు. అంతకన్నా తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే కిడ్నీ దెబ్బతింటుంది.

మెరోపెనెం, పైపెరాసిల్లిన్ లెవల్స్ చేసే ల్యాబులు తక్కువ. శాంపిల్ దూరం వెళ్లాల్సి రావచ్చు. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. ఈ మందులు తీసిన రక్తంలో కూడా విరిగిపోతూనే ఉంటాయి. వెంటనే సీరం వేరుచేసి చల్లగా పంపకపోతే లెవల్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఆ తప్పుడు రిపోర్టు చూసి డోస్ పెంచితే ఇంకో ప్రమాదం. రక్తం తీసిన టైము, అంతకుముందు డోస్ ఇచ్చిన టైము రెండూ చీటీ మీద లేకపోతే ఆ అంకెకు అర్థమే ఉండదు.

సీఆర్‌పీ, ప్రోకాల్సిటోనిన్ చేశారు. అవి ఇవేనా?

కావు. అవి ఇన్‌ఫెక్షన్ లాంటివాటికి ఒళ్లు ఎంతగా స్పందిస్తోందో చెప్పేవి. మందు ఎంత ఉందో చెప్పవు.

ఎక్కువ డోస్ ఇస్తే త్వరగా తగ్గదా?

అవసరానికి మించితే తగ్గదు, కొత్త జబ్బు తగులుకుంటుంది. అమికాసిన్ ఎక్కువైతే వినికిడి పోవచ్చు, పోతే తిరిగి రాదు. కిడ్నీ సరిగా లేనివాళ్లలో సెఫిపిమ్ పేరుకుంటే మనిషి తికమకగా మాట్లాడతాడు, చేతులు అదురుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. ఇంటివాళ్లు "ఇన్‌ఫెక్షన్ మెదడుకెక్కింది" అనుకుని భయపడతారు. నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి మందు మొదలైన కొన్ని రోజులకు తికమకగా మాట్లాడుతుంటే డాక్టరుకు చెప్పండి. దాన్ని ముందు గమనించేది చాలాసార్లు పక్కన కూర్చున్న భార్యో కూతురో.

కల్చర్ రిపోర్టులో చాలా మందుల పక్కన ఎస్ అని ఉంది. చౌకది ఇస్తే పోలా?

ఎస్ అంటే ల్యాబ్‌లో ఆ మందు పనిచేసిందని. మనిషిలో పనిచేస్తుందా అన్నది ఆ మందు రక్తంలో నిలుస్తుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నైట్రోఫ్యూరంటోయిన్ మూత్రంలో మాత్రమే చాలినంత చేరుతుంది, రక్తంలో ఇన్‌ఫెక్షన్‌కు పనికిరాదు. టైజిసైక్లిన్ కణజాలాల్లోకి వెళ్లిపోయి రక్తంలో తక్కువగా మిగులుతుంది.

ఇంకో ఉదాహరణ 2018 నాటి మెరీనో పరీక్ష. సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని ఈ.కోలై, క్లెబ్సియెల్లా రక్తంలో ఉన్నవాళ్లకు, ల్యాబ్ రిపోర్టు ప్రకారం పైపెరాసిల్లిన్-టాజోబాక్టం కూడా పనిచేయాలి. దాన్ని ఇచ్చినవాళ్లలో 30 రోజుల్లో 12.3 శాతం, మెరోపెనెం ఇచ్చినవాళ్లలో 3.7 శాతం చనిపోయారు. కల్చర్ రిపోర్టులో మందుల పక్కన ఉండే ఎంఐసీ అంకెల్లో ఏది చిన్నగా ఉందో చూసి మందు ఎంచమని అడగొద్దు. ఒక్కో మందు అంకెను ఆ మందుకు పెట్టిన హద్దుతోనే పోల్చాలి.

టైఫాయిడ్‌కు అజిత్రోమైసిన్ రాశారు. దాని లెవల్ రక్తంలో ఉండదని ఎక్కడో చదివాను.

మీరు చదివింది నిజమే. రక్తంలో చాలా తక్కువ. అయినా టైఫాయిడ్ బ్యాక్టీరియా మన కణాల్లో దాక్కుంటుంది, ఈ మందూ అక్కడికే చేరి బాగా పోగవుతుంది. ఇక్కడ రక్తంలో లెవల్ చూస్తే తప్పుదారి పడతాం.

రొయ్యల గుంటలో పనిచేస్తాను, పొలంలోనూ దిగుతాను. డాక్టరుకు ప్రత్యేకంగా చెప్పాలా?

తప్పకుండా చెప్పండి. మందు ఎంపికే మారిపోవచ్చు. ఉప్పునీటిలో గాయమై గంటల్లోనే కాలు ఎర్రగా ఉబ్బి బొబ్బలెక్కితే, ముఖ్యంగా లివర్ జబ్బున్నవాళ్లలో, విబ్రియో అనే బ్యాక్టీరియా గుర్తుకు రావాలి. దానికి డాక్సీసైక్లిన్ కూడా కలిపి ఇస్తారు. వరి మళ్లలో పనిచేసే షుగర్ పేషెంట్లకు వానాకాలంలో మెలియోయిడోసిస్ రావచ్చు. మట్టిలో ఉండే ఆ బ్యాక్టీరియాకు జెంటామైసిన్ పనిచేయదు, సెఫ్ట్రియాక్సోన్ చాలదు. సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెం గానీ కనీసం 10 నుంచి 14 రోజులు, ఆ తర్వాత సుమారు మూడు నెలలు మాత్రలు వాడాలి. ల్యాబులో దీన్ని సూడోమోనాస్ అనే వేరే బ్యాక్టీరియా అని పొరబడటమూ ఉంది. చేలల్లో, పొదల్లో తిరిగేవాళ్లకు స్క్రబ్ టైఫస్ ఇంకొకటి. మామూలు కల్చర్‌లో పెరగదు. ఒంటి మీద ఎక్కడైనా మాడినట్టు నల్లటి మచ్చ ఉందా అని చంకల్లో, తొడల మడతల్లో చూడండి.

ఎన్ని రోజులు సూదులు వేయాలి? డబ్బులు నీళ్లలా పోతున్నాయి.

చాలామందికి ఏడు రోజులు చాలని ఇప్పుడు నమ్మకంగా చెప్పొచ్చు. 2024లో వచ్చిన బ్యాలెన్స్ పరీక్షలో 3,608 మందిని చూశారు. ఏడు రోజులు వాడినవాళ్లలో 90 రోజుల్లో 14.5 శాతం, పద్నాలుగు రోజులు వాడినవాళ్లలో 16.1 శాతం చనిపోయారు. తక్కువ రోజుల వల్ల నష్టం లేదని తేలింది. స్టెఫైలోకాకస్ ఆరియస్ ఉన్నవాళ్లను ఆ పరీక్షలో చేర్చలేదు, వాళ్లకు ఇది వర్తించదు. గుండె కవాటానికి ఇన్‌ఫెక్షన్ పాకినవాళ్లకు, తీయలేని చీముగడ్డ ఉన్నవాళ్లకు కూడా ఎక్కువ రోజులే. ఖర్చు సంగతి ఎన్టీఆర్ వైద్య సేవ డెస్క్‌లో చేరిన రోజే అడగండి, బిల్లు కట్టే రోజు వరకు ఆగొద్దు.

మాత్రలకు మార్చి ఇంటికి పంపారు. తిండిలో జాగ్రత్తలు ఉన్నాయా?

సిప్రోఫ్లోక్సాసిన్ పాలతో, పెరుగుతో కలిపి వేసుకుంటే కొంతభాగం ఒంటికి పట్టదు. ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్‌కు వాడే యాంటాసిడ్ కూడా దాన్ని ఒంటికి పట్టనివ్వవు. సిప్రో వేసుకున్న రెండు గంటల తర్వాతే వాటిని తీసుకోవాలి. డాక్సీసైక్లిన్‌కూ ఐరన్, కాల్షియంతో ఇదే గొడవ. పత్యం పేరుతో చారన్నం మాత్రమే పెట్టడం మాత్రం అక్కర్లేదు. ఆల్బుమిన్ (రక్తంలోని ముఖ్యమైన ప్రోటీన్) పడిపోయిన మనిషికి గుడ్డు, పప్పు కావాలి.

చెన్నైకి తీసుకెళ్లాలనుకుంటున్నాం. ఏమేం పట్టుకెళ్లాలి?

డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చాలదు. మందుల చార్టు ఫొటో తీసుకోండి, చివరి డోస్ ఏ టైముకు పడిందో అందులో కనబడాలి. బరువు, ఇటీవలి క్రియాటినిన్, ఎక్కించిన సెలైన్ వివరాలు అడిగి రాయించుకోండి. కల్చర్ ఇంకా రాకపోతే ఆ ల్యాబ్ ఫోన్ నంబరు, శాంపిల్ నంబరు తీసుకోండి. బ్యాక్టీరియా పేరు తెలిశాక సెన్సిటివిటీకి (ఏ మందుకు లొంగుతుందో తేలడానికి) సాధారణంగా మరో రోజు పడుతుంది, మీరు వెళ్లిపోయాక వచ్చే రిపోర్టును అడిగే దిక్కు ఉండదు. ఒంగోలు నుంచి చెన్నైకి అంబులెన్స్‌లో అయిదారు గంటలు, అక్కడ బెడ్ దొరికేసరికి ఇంకో రెండు. ఆరు గంటలకోసారి పడాల్సిన మందు ఈలోపు ఒకటి తప్పిపోతుంది. బయలుదేరే ముందే డోస్ ఇవ్వమనండి, దారిలో ఇవ్వాల్సిందేమైనా ఉంటే నర్సుకు రాసిచ్చి పంపమనండి.